వెనక చక్రం కింద రాయి

గోదావరిఖనిలో ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో, కనీసం బైకైనా ముందుకు ఉరకాలని వెనక చక్రానికి చైను తిరిగే స్ప్రాకెట్ తీయించి, పళ్లు తక్కువున్న చిన్నది వేయించాను.

"రోడ్డు మీద ఉరుకుతది తమ్మీ, ఎత్తు మాత్రం ఎక్కది," అన్నాడు మెకానిక్ అన్న. నవ్వేశాను.

మర్నాడు, ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ నడిపే మా అక్కను డ్యూటీకి తీసుకెళ్తుంటే ఎత్తు మధ్యలో ఇంజిన్ ఆగిపోయింది. బ్రేకు నొక్కినా బొగ్గుపొడి మీద వెనక్కి జారుతున్నాం. కింద నుంచి బొగ్గు లారీ వస్తోంది. నేను ఏ దేవుణ్ణి పిలవాలో తేల్చుకునేలోపే అక్క దూకి, బూటుతో ఓ రాయిని చక్రం కిందికి తన్నింది. బండి ఆగింది. లారీ పక్కనుంచి వెళ్లిపోయింది.

"డంపర్ ఆపంగనే టైరుకు రాయి పెడ్తం. అలవాటురా, గంతే," అంది హెల్మెట్ సర్దుకుంటూ.

ఇంట్లో బల్లిని చూసి కేకలేసే మనిషి ఈమేనా అని నోరు తెరిచి చూశాను. ఇప్పటికీ కేకలేస్తుంది. నేను మాత్రం ఆమె భయాన్ని చూసి నవ్వడం మానేసి, వెళ్లి బల్లిని తోలుతున్నాను.