పెదవి తగలని కూజా

ఎనభైల మొదట్లో, కాలిఫోర్నియాలో చదువుకునే రోజుల్లో, ఓ ఆదివారం నాపా ద్రాక్షతోటల మధ్య ఒక్కణ్ణే సైకిల్ తొక్కుతూ వెళ్లాను. దారిలో నీళ్లయిపోయాయి. తోటలో తీగలు కడుతున్న ఓ ముసలాయనను అడిగితే, సన్నటి ముక్కున్న మట్టికూజా అందించాడు.

పరాయివాళ్ల కూజా కదా, ఎంగిలి చేయకుండా పైకెత్తి గొంతులో పోసుకున్నాను. ఇలా తాగుతుంటే అమెరికన్ రూమ్మేట్లు నవ్వేవాళ్లు. సిగ్గేసి వాళ్ల ముందు మానేశాను. ఈయన మాత్రం నవ్వలేదు.

“ఎవరు నేర్పారు నీకు?”

“మా అమ్మ. నోరు తగిలిస్తే ఊరుకునేది కాదు.”

“స్పెయిన్‌లో మా అమ్మా అంతే. ఇక్కడ పుట్టిన మా పిల్లలకే చేతకాదు, గ్లాసు కావాలంటారు.”

కూజా తీసుకుని, నాకంటే ఎత్తు నుంచి పోసుకున్నాడు. ఒక్క చుక్క ఒలకలేదు.

నా దాహం అప్పటికే తీరిపోయింది. అయినా మళ్లీ చెయ్యి చాచాను.