నేను పెద్దమ్మను

మిర్యాలగూడలో కోదాడ బస్సు ఎక్కితే, ఒక పెద్దావిడ పక్కన చోటు దొరికింది. ఆమె ఒళ్లో ఏడాది పాప, కిటికీ దగ్గర నాలుగేళ్ల పిల్ల నిద్రపోతున్నారు.

"మనవరాళ్లా?" అని అడిగాను.

"కాదమ్మా. వీళ్లమ్మకు సూర్యాపేట దవాఖానల పెద్ద ఆపరేషన్ అయింది. నాయిన లేడు. పిల్లలు చెరొక అనాథాశ్రమంల పడతరని ఆమె ఆపరేషనే వద్దన్నది. గందుకే ఇద్దరినీ నేను తెచ్చుకున్న."

ఆమె మెడలో సిలువ చూసి, "మీ చర్చివాళ్లా?" అన్నాను.

"వీళ్లు ఏ చర్చికీ రారు. మా ఊర్ల మూడు చర్చిలున్నయి. క్రిస్మస్‌కు గూడ ఒకరినొకరం పిలుసుకునేటోళ్లం కాదు. వీళ్ల కోసం మొదటిసారి ఒక్కతాన కూసున్నం. ఒక చర్చోళ్లు పాలు, బియ్యం సూస్తున్నరు. ఇంకో చర్చోళ్లు దవాఖానల ఆమె దగ్గర ఉంటున్నరు. పిల్లలు మా చర్చి వంతు."

"ఆమె కోలుకుంటుందా?"

"ఎందుకు కోలుకోదు? నిన్న లేసి నడిసింది."

కోదాడ దగ్గర పడుతుండగా పెద్దపిల్ల కళ్లు నులుముకుంటూ, "అమ్మా, నీళ్లు" అంది. ఆమె నీళ్లు తాగించి, కొంగుతో మూతి తుడిచింది.

"నేను పెద్దమ్మను బిడ్డా. అమ్మ దవాఖానల ఉన్నది. జల్దీ వస్తది."

అంత ముద్దుగా సాకుతూ కూడా ఆ పిలుపును ఆమె తనకు ఉంచుకోలేదు.

ఆ ఆదివారం మా చర్చిలో ప్రార్థన ముగిశాక నేను ఇంటికి వెళ్లలేదు. మా వీధి చివర ఇంకో చర్చి ఉంది. ఇన్నేళ్లలో మొదటిసారి దాని గేటు తీసుకుని లోపలికి వెళ్లాను.