మూడింటి దాకా తాళం

ఆ పొద్దున అకీల్ చేసిన ఆఖరి మామూలు పని, గట్టయ్య సైకిల్‌కు గాలి కొట్టడం. బయట ముసురు పడుతోంది. వార్డు మెంబరు పోటీలో అకీల్ మీద నిలబడ్డ భాస్కర్‌కు తండ్రి ఈ గట్టయ్య. పంక్చర్ దుకాణం ఉన్న జాగా కూడా ఆయనదే.

"గెలిస్తే మా మురుగు మోరీ తీపిస్తవారా?"

"మీ ఇంటి ముంగటిదే ముందు తీపిస్త బాపూ!"

ఇద్దరూ నవ్వారు. లోపలున్న అక్క కైసర్‌కు ఆ నవ్వే భయం పుట్టించింది. తమ్ముడికి ఎవరినీ కాదనడం రాదు.

జఫర్‌గఢ్ పక్కన ఊరు. 2013 వానాకాలం. తెలంగాణ కోసం రిలే దీక్షల్లో కూర్చున్న పోరగాళ్లే పంచాయతీకి నామినేషన్లు వేశారు. పెద్దమనుషులు ఏకగ్రీవమంటూ ఇల్లిల్లూ తిరిగి ఒక్కొక్కరి చేత వాపస్ తీయించారు. కుర్రాళ్లలో మిగిలింది అకీల్ ఒక్కడే. వాపస్‌కు గడువు ఆ మధ్యాహ్నం మూడింటి దాకా.

గట్టయ్య వెళ్లిన కాసేపటికి దోస్తు వాల్యా వచ్చాడు.

"నడువ్, మా బాయికాడ మోటరు రూముల కూసో. మూడు కొట్టేదాక తాళమేస్తం."

"నేనేమన్న దొంగనారా?"

"దొంగవైతే ఫికర్ లేకుండె. మంచోనివి, గదే పరేషాన్!"

అకీల్ అక్క వైపు చూశాడు. ఆమె వద్దంటే ఆగేవాడే.

"పో తమ్మీ, జరసేపే గదా," అంది కైసర్.

అకీల్‌ను లోపల ఉంచి తాళమేశాక వాల్యా తాళంచెవి తెచ్చి ఆమెకే ఇచ్చాడు. "నీకాడుంచు అక్కా. పెద్దోళ్లు బతిలాడితే మేం కరిగిపోతం."

ఒంటిగంట వేళ గట్టయ్య తడుస్తూ వచ్చాడు. "బిడ్డా, అకీలేడి?"

"ఎరుక లేదు బాపూ."

ఆయన ఏదో అనబోయి ఆగాడు. వానలోనే తిరిగి వెళ్లిపోయాడు. కైసర్ కొంగులోని తాళంచెవిని ఇంకా గట్టిగా ముడేసుకుంది.

బావి దగ్గరి మోటరుకు ఆటో స్టార్టర్ ఉంది. కరెంటొస్తే దానంతటదే తిరుగుతుంది. ఆ రోజు కరెంటు వేళ తప్పి వచ్చింది. ఎక్కడో తొడుగు ఊడిన వైరు పైపుకు తగులుతోంది. ఆ ఇరుకులో అకీల్ వీపు ఆనించుకున్నది తడిసిన ఇనుప పైపుకు.

మూడు దాటాక కైసర్ తాళం తీసింది. తలుపు తోస్తే కదల్లేదు. వెనక తమ్ముడు పడి ఉన్నాడు.

మర్నాడు అకీల్‌ను మట్టి చేసి వచ్చిన మగవాళ్లతో గట్టయ్య కూడా వచ్చి, దుకాణం ముందు కైసర్ దగ్గర కూర్చున్నాడు.

"వాడు గాలి కొట్టిన సైకిల్ మీదనే భాస్కర్‌ను మండలాఫీసుకు తోలుకపోయి, వాని నామినేషనే వాపస్ తీపిచ్చిన బిడ్డా. గా ముచ్చట ముందుగాల అకీల్‌కే చెప్పాలనుకొని, నీకు చెప్పకపోతి."