బోల్తా పాఠం

టైలరమ్మ రోజూ పొద్దున్నే చెరువు దగ్గరికి వస్తుంది. మెడలో మరిచిపోయిన కొలతల టేపు తీసి, చుట్ట చుట్టి చెప్పులో దాచుతుంది. లైఫ్ జాకెట్ పట్టీలు చూడకుండానే బిగించుకుంటుంది. ఆమెతో పాటు కయాక్ పడవ నడపడం మొదలుపెట్టిన వాళ్లంతా ఇప్పుడు అవతలి గట్టు దాకా వెళ్లి వస్తున్నారు. ఆమె మాత్రం ఇంకా ఒడ్డు పక్కన, నడుము లోతు నీళ్లలో, మొదటి పాఠం దగ్గరే ఉంది. కావాలనే పడవను బోల్తా కొట్టించి, నీళ్లలో తలకిందులుగా ఉండి, కంగారు లేదని తెలిసేలా పడవ అడుగును మూడుసార్లు తట్టి, అప్పుడు బయటికి రావాలి.

"ఎన్నాళ్లమ్మా ఈ మునకలు? చేపలు కూడా మిమ్మల్ని గుర్తుపడుతున్నాయి. ఇక తెడ్డు పట్టండి," అంటాడు కోచ్.

"ఇంకొక్కసారి బాబూ," అంటుంది మొహం తుడుచుకుంటూ.

మొదటి రోజు ఆమె మూడుసార్లు తట్టాక నాలుగోది వినిపించింది. వేలి కణుపుతో కొట్టినట్టు, ఒక్కటే. పైకొచ్చి, దగ్గుతూనే అడిగింది: "నువ్వు కొట్టావా?"

"నేనిక్కడ గట్టు మీదే ఉన్నానుగా!"

ఆమె భర్త ఇంటికొస్తే పేరు పెట్టి పిలిచేవాడు కాదు. తలుపు మీద వేలి కణుపుతో ఒక్కటి కొట్టి నిలబడేవాడు. కిందటేడు చేపలకని ఈ చెరువులోకే వెళ్లాడు. పడవ ఒక్కటే దొరికింది, బోర్లా తేలుతూ.

ఆ నాలుగో చప్పుడు మళ్లీ వినిపించలేదు. ఇవాళ పడవ తిరగబడగానే ఆమె రెండుసార్లే తట్టింది. మూడోది ఆయనకు వదిలేసింది. గట్టు మీద కోచ్ మూడో చప్పుడు కోసం చెవులు రిక్కించాడు. నీళ్ల కింద ఆమె కూడా.