కొత్త ముఖం, పాత విగ్గు

మా ఊరి ఛానల్లో సాయంత్రం వార్తలు చదివే అక్కకి నేనే మేకప్ వేసేదాన్ని. తోడబుట్టినదేం కాదు, అంతకంటే ఎక్కువే అనుకోండి. ఛానల్ టైర్ల షాపు పైన రెండు గదుల్లో ఉన్న రోజుల నుంచీ ఉంది మనిషి. అప్పట్లో వార్త రాసేదీ ఆవిడే, చదివేదీ ఆవిడే, కరెంటు పోతే కిందికి పరుగెత్తి జనరేటర్ వేయించేదీ ఆవిడే. నిండు నెలల్లో కూడా సెలవు దొరకలేదు. పొట్ట కనపడకూడదని బల్లని ముందుకు లాగి కూర్చోబెట్టారు. బల్ల పైన ఇస్త్రీ నలగని చీర, బల్ల కింద వాచిన కాళ్ళకి రబ్బరు చెప్పులు.

అలాంటి మనిషిని ఎలా సాగనంపారో వింటే మీకూ ఒళ్ళు మండుతుంది.

ఆ సాయంత్రం వార్తలు చివరికొచ్చాయి. కెమెరా ముందు అద్దంలో అక్షరాలు కదులుతుంటాయి, ఏది వస్తే అది చదవాలి. "రేపటి నుంచి సాయంత్రం వార్తలు కొత్త ముఖంతో మీ ముందుకు వస్తున్నాయి" అని వచ్చింది. అక్క చదివేసింది. చదివాక గానీ, పోయే పాత ముఖం తనదేనని వెలగలేదు. ముందుగా ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు కూడా ఆవిడకి చెప్పలేదు. ఆవిడ ఉద్యోగం పోయిన సంగతి ఆవిడ చేతే ఊరంతా చాటించారు. సిగ్గూ శరం ఉండొద్దూ!

నేరుగా ఓనరు గదికెళ్ళింది. వెనకే నేనూ.

"నేను చేసిన తప్పేంటండీ?"

"తప్పని కాదమ్మా. జనం కుర్ర ముఖాలు అడుగుతున్నారు. నలభై ఆరొచ్చాయిగా, ఇంట్లో హాయిగా ఉండు."

"సరే, పోతాను. రేపు వార్తల చివర్లో ఒక్క నిమిషం ఇవ్వండి. ఇన్నేళ్ళూ జనం నన్ను ఇంట్లో మనిషిలా చూసుకున్నారు. వెళ్ళొస్తానని వాళ్ళకి నా నోటితో నేను చెప్పుకుంటాను."

"అవన్నీ ఎందుకమ్మా, సీరియల్ లేటైపోతుంది."

తలనూనె ప్రకటనలకి మాత్రం ఎంత టైమైనా ఉంటుంది వీళ్ళకి!

ఇక అక్క పక్కన కూర్చుని చదివే ఆయన సంగతి. అందరం హీరోగారంటాం. యాభై ఎనిమిదేళ్ళు. తల మీద ఒక్క వెంట్రుక సొంతం కాదు. రోజూ జిగురు పూసి ఆ విగ్గు అంటించేది నేనే. ఆయనేమో అనుభవజ్ఞుడట, నుదుట రెండు గీతలు పడగానే అక్క ముసలిదైపోయిందట. ఇదెక్కడి న్యాయమండీ? అక్క ఆ వాక్యం చదువుతుంటే పక్కనే ఉండి ఆ మహానుభావుడు కాగితాలు సర్దుకున్నాడు.

మర్నాడు అక్క తన సామాను తీసుకుపోవడానికి వచ్చింది. కొత్త ముఖమంటే చిన్నపిల్ల, పాపం వణికిపోతోంది. అక్క దగ్గరుండి దానికి మైకు తగిలించి, "భయపడకమ్మా, నీళ్ళు తాగు" అంది. అది చూశాక ఊరుకోబుద్ధి కాలేదు. అవతల హీరోగారు బోడి తలతో కూర్చుని "తొందరగా కానీవమ్మా" అంటున్నారు. బల్ల మీదున్న విగ్గు తీసి సంచిలో పడేసి, సంచి చంకలో పెట్టుకున్నాను.

"అక్కకి నిమిషం ఇస్తేనే ఇది బయటికొచ్చేది. లేదంటే ఇలాగే కూర్చోండి. కొత్త ముఖం కావాలన్నారుగా!"

ఓనరు పరుగెత్తుకొచ్చాడు. "నీకేమైనా పిచ్చి పట్టిందా?"

"పట్టిందనే అనుకోండి."

హీరోగారికి ఏడుపొక్కటే తక్కువ. "ఆ నిమిషం ఇచ్చేయండి సార్, మీకు దణ్ణం పెడతా!"

గడియారం చూసి ఓనరు పళ్ళు కొరికాడు. "ఒక్క నిమిషమే. ఏడుపులూ పెడబొబ్బలూ వద్దు."

హీరోగారికి విగ్గు అంటించాను. వార్తలైపోయాయి. కొత్తపిల్ల లేచి కుర్చీ ఇచ్చింది. అద్దంలో అక్షరాలేం లేవు. నేను రుమాలు పట్టుకుని కెమెరా పక్కన నిలబడ్డాను. అక్క రోజూ చదివే గొంతుతోనే మొదలుపెట్టింది.

"నమస్కారం. ముఖ్యాంశం ఒక్కటే. నా వయసు నలభై ఆరు. వయసైపోయిందని నన్ను పంపించేస్తున్నారు. నా పక్కనున్న వారి వయసు యాభై ఎనిమిది. వారు రేపు కూడా వార్తలు చదువుతారు. మీరు నన్ను బాగా చూసుకున్నారు, వెళ్ళొస్తాను. ఇంతటితో నా వార్తలు సమాప్తం."

హీరోగారి చెయ్యి గబుక్కున విగ్గు మీదికి పోయింది. ఊరంతా చూసింది.

నా ఉద్యోగమూ ఆ నిమిషానే ఊడింది. పోతే పోయింది. ఇద్దరం మెట్లు దిగుతున్నాం.

"రేపు ఆయనకి విగ్గు ఎవరు పెడతారే?" అంది అక్క.

"జిగురు సీసా నా సంచిలోనే ఉందిలే అక్కా."

నవ్వింది. నవ్వుతూనే మెట్ల మధ్యలో కూలబడి, సామాన్లోని ఆ పాత రబ్బరు చెప్పులు ఒళ్ళో పెట్టుకుని భోరుమంది. నా మీద ఒట్టు, కెమెరా ముందు మాత్రం ఒక్క చుక్క రాల్చలేదు.