చేను పండిన నాలుగు రోజులు

నేను బడికి వెళ్లలేదు. మా నాన్నగారు అరుగు మీద కూర్చోబెట్టుకుని పంచాంగంతోనే అక్షరాలు నేర్పారు. ఆయన పెట్టిన ఆ భిక్షకు రోజూ దణ్ణం పెట్టుకుంటాను. బెజవాడ వన్‌టౌన్‌లోని మా అత్తవారింటికి కాపురానికి వచ్చాక, తిథీ వారం చూసి చెప్పే పని నాకే వచ్చింది. ఎవరు ఊరు వెళ్లాలన్నా నన్నే అడిగేవారు. ఆ గౌరవం నాకు ఇష్టంగానే ఉండేది.

డెబ్బైల మొదట్లో మాట ఇది. మా తోడికోడలు, అంటే మా వారి అన్నగారి భార్య, అప్పటికే భర్త పోయి మాతోనే ఉండేది. నేను కొత్తకోడలిగా వచ్చినప్పుడు పొయ్యి దగ్గర చెయ్యి కాల్చుకుంటే, అందరికీ తానే వండి నా పేరు చెప్పిన మనిషి. నాకు అక్కయ్య. ఆవిడ కళ్లకు నీటికాసులు వచ్చాయి, చూపు తినేసే జబ్బు. కుడికన్ను పోయింది. ఎడమ కన్ను ఎన్నాళ్లుంటుందో చెప్పలేనని ఆ ఎండాకాలంలో డాక్టరుగారు అనేశారు.

రిక్షాలో ఇంటికి వస్తూ అక్కయ్య, "మా చేలు పండినప్పుడు చూసి ముప్పై ఏళ్లయింది చెల్లీ" అంది. ఆవిడ పుట్టిల్లు పామర్రు దగ్గర. పెళ్లయ్యాక వేసవిలో తప్ప వెళ్లింది లేదు. వేసవిలో అక్కడ చూడ్డానికి ఏముంటుంది, మోళ్లూ నెర్రెలూ తప్ప. చేలు పండే కార్తీకంలో ఇంటెడు మందికి వండుతూ ఇక్కడే ఉండిపోయింది. ఏదీ అడగని మనిషి అడిగిన కోరిక అదొక్కటే.

వాళ్ల అన్నగారు అక్కడే వ్యవసాయం చేసేవారు. దసరా వెళ్లినప్పటి నుంచి ఆయన కార్డులు రాయడం మొదలుపెట్టారు. చేను పొట్ట మీదుంది అని ఒకటి. వెన్ను తీసింది, అంటే కంకి బయటికొచ్చింది, అని ఒకటి. నేను చదువుతుంటే అక్కయ్య కార్డు తీసుకుని ఎడమ కంటికి దగ్గరగా పెట్టుకుని అక్షరాలను చూసేది. వరికి రంగు ఒక్కసారిగా రాదట. ముందు కింది ఆకులు పండుతాయి. పై ఆకు ఎంతకీ పచ్చదనం వదలదు. అది కూడా రంగు తిరిగి, వెన్ను తల వంచాక చేనంతా బంగారం పోసినట్టు ఉండేది మూడు నాలుగు రోజులే. ఆపైన గడ్డి రంగుకు దిగిపోతుంది.

"ఇప్పుడే వెళ్లి రండి వదినా. సగం పండినా చేను చేనే కదా" అన్నారు మా వారు.

"సగం చూడ్డానికి అంతదూరం ఎందుకయ్యా. ఉన్నది ఒక్క కన్ను, చూసేది ఒక్కసారి. పండాకే చూస్తాను."

"పెళ్లికూతురు ముస్తాబై రావాలన్నమాట."

"అవును. నీ పెళ్లప్పుడు నువ్వు ఆగలేదూ?" అని నా వైపు తిరిగి నవ్వింది.

కార్తీకం చివరి శుక్రవారం పొద్దున కార్డు వచ్చింది. చేను పూర్తిగా తిరిగింది, మంగళవారం కోతలు, వెంటనే బయలుదేరండి అని. మర్నాడే బస్సెక్కిస్తానన్నారు మా వారు. శనివారం తూర్పుకు వారశూల, ఆ రోజు అటు ప్రయాణం కూడదు అన్నాను.

"అయితే ప్రస్థానం పెడితే సరిపోదూ?" అంది అక్కయ్య.

నిజమే, దానికి మార్గం ఉంది. మంచిరోజున చీరా, పసుపుకొమ్మూ, గుప్పెడు బియ్యమూ మూటగట్టి, వెళ్లే దిక్కున ఉన్న ఇంట్లో ఉంచితే ప్రయాణం మొదలైనట్టే. తర్వాత ఏ రోజు బయలుదేరినా దోషం లేదు. ఆ మధ్యాహ్నమే మూట కట్టి తూర్పువైపు ఇంటి పిన్నిగారికి ఇచ్చి వచ్చాను. ఇక శనివారం వెళ్లడానికి అడ్డేమీ లేదు.

అడ్డు నేనే. ఆదివారం అమావాస్య. సోమవారం పోలి పాడ్యమి. కార్తీకమంతా తెల్లవారుజామున కృష్ణలో స్నానం చేసినవాళ్లు ఆ రోజు అరటిదొప్పలో దీపం వదిలితేనే నోము ముగుస్తుంది. నెలంతా ఒక్కరోజూ తప్పలేదు నేను. ఆఖరి దీపం వదులుకోబుద్ధి కాలేదు. ఆ మాట పైకి అనలేదు. "శనివారం వెళితే అమావాస్య రోజు పరాయి ఊళ్లో ఉండాలి, మంచిది కాదు. సోమవారం తొమ్మిది గంటల బస్సుకు వెళదాం. కోతలు మంగళవారం కదా" అన్నాను. పంచాంగం నా చేతిలో ఉంది. ఎవరూ ఎదురు చెప్పలేదు.

ఆదివారం మధ్యాహ్నానికి మబ్బు కమ్మింది. సాయంత్రానికి గాలి మొదలైంది. సముద్రంలో వాయుగుండమని రేడియోలో చెప్పారు. సోమవారం చీకటితోనే ఆ వానలో ఘాట్‌కు వెళ్లాను. నాలాంటివాళ్లు పదిమంది ఉన్నారు. దొప్ప నీళ్లను తాకకముందే దీపం ఆరిపోయింది. మళ్లీ వెలిగించబోతే వత్తి తడిసిపోయింది. తిరిగి వచ్చేసరికి అక్కయ్య తల దువ్వుకుని, సంచి పక్కన పెట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంది. పామర్రు మీదుగా వెళ్లే బందరు బస్సులు ఆపేశారని మా వారు కనుక్కుని వచ్చారు.

మంగళవారం తెల్లవారేసరికి ఆవిడ తలపట్టుకుని వాంతులు చేసుకుంటోంది. ఎడమ కన్ను నిప్పులా ఉంది. డాక్టరుగారు చుక్కలూ ఇంజెక్షనూ ఇచ్చారు. నొప్పి తగ్గింది. చూపు రాలేదు. కిటికీ ఎటు ఉందో తెలిసేపాటి వెలుతురు మిగిలింది, అంతే.

పది రోజులకు బస్సులు మళ్లీ నడిచాయి. పిన్నిగారు మూట తెచ్చి ఇవ్వబోయారు.

"ఉండనివ్వండి పిన్నిగారూ. ప్రస్థానం పెట్టింది వెనక్కి తెచ్చుకోకూడదు. వెళ్తూ తీసుకుంటాం" అంది అక్కయ్య లోపలి నుంచి. వద్దని చెప్పే ధైర్యం నాకు లేదు.

ఊరు చేరాక వాళ్ల అన్నగారు మమ్మల్ని చేను గట్టు మీదకు తీసుకెళ్లారు. చేనంతా నేలకు అతుక్కుపోయింది. మడిలో ఇంకా నీళ్లున్నాయి. కుళ్లిన గడ్డి వాసన. పడిన వెన్నుల్లోనే గింజలు మొలకెత్తాయి.

"ఎలా ఉందన్నయ్యా?"

"బంగారంలా ఉందమ్మా" అన్నారాయన.

అక్కయ్య నా భుజం పట్టుకుని వంగి, తడుముకుని ఒక వెన్ను తుంచింది. వేళ్లతో గింజ గింజా వెతికింది. "మొలకలు వచ్చాయిగా అన్నయ్యా. ఏడాది తిండి పోయిందన్నమాట నీకు" అంది. ఆయన పైపంచె మొహానికి అడ్డం పెట్టుకుని అవతలికి వెళ్లిపోయారు.

"నువ్వు చెప్పు చెల్లీ. ఏ రంగుంది?"

"బూడిద రంగు అక్కయ్యా. అక్కడక్కడా మొలకలు లేతగా ఉన్నాయి." ఆ తర్వాత ఆగలేకపోయాను. "శనివారం రావచ్చు. అమావాస్య అనేది వంక. పోలి దీపం కోసం నేనే ఆపాను."

"తెలుసు" అంది. "నెలంతా నీ తడిచీరలు ఆరేసింది నేనే కదా." వెన్నును వేళ్ల మధ్య తిప్పుతూ, "వెలిగిందా మరి?" అని అడిగింది.

"లేదు. గాలికి ఆరిపోయింది."

"అయ్యో. నీకూ దక్కలేదు." ఆ వెన్నును మడిలో పడేసి, చెయ్యి చీరకు తుడుచుకుంది.

ఆ మాట ఆవిడ ఎవరి దగ్గరా అనలేదు, చివరి దాకా. అందుకు ఇప్పటికీ ఆవిడకు దణ్ణం పెట్టుకుంటాను. దేవుణ్ణి నేను నిందించలేదు. ఆయన అడ్డుపడలేదు కదా. కానీ ఆ తర్వాత మా ఇంట్లో ఎవరు ప్రయాణానికి రోజు చూడమన్నా పంచాంగం వాళ్ల చేతికే ఇచ్చాను.

తిరుగు బస్సులో అలవాటు కొద్దీ కిటికీ పక్క చోటు ఆవిడకు వదిలాను. ఆవిడ సీటు తడిమి చూసి, "నువ్వే కూర్చో. నాకెందుకిది" అని జరిగింది. మూట ఆవిడ ఒళ్లో ఉంది, ముడి విప్పలేదు. ఉయ్యూరు దాకా రెండువైపులా చేలు పడిపోయే ఉన్నాయి. నేను చూస్తూనే ఉన్నాను. ఊరు దాటినప్పుడల్లా ఎక్కడి దాకా వచ్చామని అడుగుతూ ఉంది. చెబుతూ ఉన్నాను.