పదకొండో పేరు

క్రికెట్ అంటే నాకు ఒళ్ళుమంట. మాది కడప జిల్లా, పేరు పెంచలయ్య, గల్ఫ్‌లో ఇబ్రి అనే ఊళ్ళో మా కంపెనీ క్యాంపుకు వంటవాణ్ణి. చల్లారిపోతున్న అన్నం ముందు పెట్టుకుని ఫోన్‌లోకి చూస్తూ మెతుకులు కెలికేవాళ్ళను చూస్తే వండినవాడికి మండదా? అయినా భూమేశ్ సంగతి చెప్పాలంటే ఆ పాడు ఆట సంగతి చెప్పక తప్పదు.

భూమేశ్‌ది జగిత్యాల వైపు. కాంక్రీట్‌కు ఇనుప చువ్వలు కట్టే పనిలో చేరి, గ్యాంగ్‌కు మేస్త్రీ అయ్యాడు. సైట్‌లో ఎంత మేస్త్రీయో, రూమ్‌లో ఆ ఆటకూ అంతే. ఆట అంటే వీళ్ళు బ్యాట్ పట్టేది కాదు. మ్యాచ్ మొదలయ్యేలోగా ఆ రెండు జట్లలోంచి ఎవడికి వాడు పదకొండుమందిని ఏరి ఫోన్‌లో పెట్టుకోవాలి. ఆ ఆటగాళ్ళు కొట్టే పరుగులూ, తీసే వికెట్లూ, పట్టే క్యాచ్‌లూ ఇక్కడ మనవాడికి పాయింట్లు. మా రూముల్లో డబ్బు పందెం లేదు. అందరికన్నా అడుగున మిగిలినవాడు వారమంతా వంటగిన్నెలు తోమాలి. ఆ ఒక్క మేలు చూసుకుని నేను నోరు మూసుకునేవాణ్ణి.

పదిమందిని ఏరడం అందరికీ వచ్చు. పేచీ అంతా పదకొండోవాడి దగ్గరే. కొడితే కొండ, లేకపోతే సున్నా అనే ఓపెనర్‌ను పెట్టాలా, వికెట్ల వెనక కీపింగ్ చేస్తూ ఓ మోస్తరుగా బ్యాటూ తిప్పేవాణ్ణి పెట్టాలా? అందరూ ఫోన్లు పట్టుకుని భూమేశ్ మంచం దగ్గరికి చేరేవారు. వాడు ఎప్పుడూ ఒకటే చెప్పేవాడు. "రెండు పనులొచ్చినోణ్ణి పెట్టుకోర్రి. ఒకదాంట్ల పోయినా ఇంకోదాంట్ల తెస్తడు." వాడి మాట విన్నవాడు గిన్నెలు తోమిన రోజులు తక్కువ.

ఇబ్రి సైట్ పని ముగింపుకొచ్చింది. షినాస్‌లో కంపెనీకి ఇంకో చిన్న పని ఉంది. భూమేశ్ కింద పదకొండుమందిని మాత్రం అక్కడికి తీసుకుంటారు, మిగతావాళ్ళు ఇంటికి. బుధవారం నాడు క్యాంప్ బాస్ రియాజ్ మెస్‌కు వచ్చి నా ఎదుటే భూమేశ్‌తో అన్నాడు, "దస్ నామ్ హోగయే భాయ్. ఏక్ జగా బాకీ హై. భూమయ్య యా నర్సింగ్, తూ బోల్. జుమ్మా షామ్ తక్." పదిమంది పేర్లు ఖాయమయ్యాయి, చివరి చోటుకు ఆ ఇద్దరిలో ఎవరో శుక్రవారం సాయంత్రానికల్లా భూమేశే చెప్పాలి.

నర్సింగ్ వయసులో ఉన్నవాడు. కాంక్రీట్ పోసేందుకు చెక్కలు బిగించే షట్టరింగ్ పనిలో వాడి చెయ్యి పడితే తిరుగులేదు. మిగతా ఏ పనీ ముట్టడు, కోపమొస్తే ఆ రోజు డ్యూటీకే పోడు. వచ్చి ఏడాది నిండలేదు, ఇప్పుడే ఏ మొహం పెట్టుకుని తిరిగిపోవాలని దిగులుపడుతున్నాడు. భూమయ్య యాభై దాటినవాడు, భూమేశ్‌కు ఊరి వరసలో మామ. వాడికి వీసా ఇప్పించిందీ, చువ్వలు కట్టడం నేర్పిందీ ఆయనే. కాంక్రీట్ పోస్తాడు, గోడలకు పూత వేస్తాడు, చువ్వలూ కడతాడు. కానీ అవన్నీ పాత మాటలు. ఆ ఏడు ఆయన ఒంట్లో సారం పోయింది. పాదాలు వాచేవి. నా పొయ్యి పక్కన కూలబడి ఉప్పు మజ్జిగ తాగి, లేవడానికి నా చెయ్యి పట్టుకునేవాడు.

ఆయనకు ఇంటికి పోవాలని ఉంది. నోరు తెరిచి అడగలేడు. తనంతట తాను పోతానంటే మా కంపెనీలో టికెట్ సొంత ఖర్చు, ఇన్నేళ్ళ సర్వీసు డబ్బులో కోత. కంపెనీయే పంపిస్తే టికెట్టూ, పూర్తి డబ్బూ దక్కుతాయి. అందుకని తనను తీసేస్తారని కాచుకుని ఉన్నాడు. అట్టపెట్టె సంపాదించి, భార్య కమలవ్వకు చీరలూ, సబ్బులూ, ఖర్జూరాలూ సర్ది, తాడు కట్టి, పైన పేరూ ఊరూ రాయించి మంచం కింద పెట్టుకున్నాడు.

గురువారం అన్నాల దగ్గర అందరూ ఉండగా ఆయన నవ్వుతూ అన్నాడు, "అల్లుడా, నన్ను తీసెయ్యరాదు. నర్సింగ్ పోరడు, వాణ్ణి పెట్టుకో. నేను ఆడినకాడికి సాలు."

"ఊకో మామా, గట్లనకు" అన్నాడు భూమేశ్.

మామ నర్సింగ్ కోసం తన చోటు వదులుకుంటున్నాడని అనుకున్నాడు ఆ వెర్రివాడు. నేను ఊరుకోలేదు. చేతులు కడుక్కునే దగ్గర పట్టుకున్నాను.

"ఏమబ్బీ, ఆయప్పకు త్యాగమూ లేదు, గీగమూ లేదు. చాతగాక పోతానంటాండాడు. పంపిచ్చు."

"మామ సంగతి నాకు తెల్వదా, పెంచలన్నా? ఎప్పుడూ పక్కోనికే ఇడుస్తడు. నాకు తొవ్వ జూపినాయన్ను నేనే ఎల్లగొడితే నన్ను మనిషంటరా?"

"అయితే ఆయప్పనే పక్కన కూసోబెట్టుకోని అడుగు."

"అడిగితే మల్ల గదే అంటడు."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాడితో ఎంతసేపని వాదించను? పోయి పప్పు దించుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం మ్యాచ్. చివరి చోటుకు మళ్ళీ అదే పేచీ. ఈసారి రూమంతా ఓపెనర్ అంది, భూమేశ్ ఒక్కడే కీపర్‌ను పెట్టాడు. ఓపెనర్ వచ్చీ రాగానే అవుటయ్యాడు. కీపర్ క్యాచ్‌ల మీద క్యాచ్‌లు పట్టి, చివర్లో నిలబడి కొట్టాడు కూడా. భూమేశ్ చెప్పులేసుకుని నేరుగా రియాజ్ గదికి పోయి భూమయ్య పేరు చెప్పి వచ్చాడు. తిరిగి వస్తూ నా దగ్గర ఆగి, "జూసినవా అన్నా, రెండు పనులొచ్చినోడే నిలవడ్డడు" అన్నాడు. వాడి మొహంలో ఏ అనుమానమూ లేదు.

వార్త విని భూమయ్య, "మంచిది అల్లుడా" అన్నాడు. భూమేశ్ ఆయన కాళ్ళు ముట్టుకుని పోయాడు. తర్వాత ఆయన పెట్టెను బయటికి లాగి, తాడు ముడి విప్పబోయాడు. వేళ్ళు ఆడలేదు. నేను విప్పుతానంటే వద్దన్నాడు.

"ఉండనీ పెంచలయ్యా. మల్ల గట్టుడు నాతోని గాదు."

నర్సింగ్ ఆదివారం పోయాడు. బస్సు ఎక్కేముందు భూమేశ్ ఎదుట నిలబడి, "నన్నొక్క మాట అడగకపోతివి గదన్నా. ఏ పని జెప్పినా జేస్తనని అందును" అన్నాడు.

నన్నూ షినాస్‌కు పంపారు. అక్కడ సముద్రం పక్కన ఉక్క, చొక్కా ఆరేది కాదు. ఉన్నమాట చెప్పాలి, మామకు తేలిక పని ఇప్పించాలని భూమేశ్ చాలా తిప్పలుపడ్డాడు. సామాన్ల కాపలాకు పెట్టాడు, నీళ్ళ క్యాన్ల దగ్గర కూర్చోబెట్టాడు. పైవాళ్ళు ఎన్నాళ్ళు ఊరుకుంటారు? అన్ని పనులూ వచ్చినవాడని చెప్పి తెచ్చాడు కదా, అన్ని పనులూ చేయించారు.

జూలైలో ఒక పొద్దున డ్యూటీ బస్సు వచ్చి హారన్ కొట్టింది. భూమయ్య లేవలేదు. "మామా, టైమయింది" అని భూమేశ్ భుజం తట్టాడు, తర్వాత కుదిపాడు. ఒళ్ళు అప్పటికే చల్లబడిపోయింది. నిద్రలోనే గుండె ఆగిందన్నాడు డాక్టర్.

కమలవ్వకు ఫోన్ చేసింది భూమేశే. ఆమె చాలాసేపు ఏడ్చింది. ఆ తర్వాత అడిగిన మాట పక్కనున్న నాకూ వినపడింది.

"ఇబ్రిల పని అయిపోయింది, కంపెనీయే పంపిస్తది, పెట్టె గూడ గట్టిన అన్నడు గద బిడ్డా. మరి ఎవలాపిన్రు?"

భూమేశ్ ఫోన్ చెవికి ఆనించుకుని అలాగే కూర్చున్నాడు. అవతల ఆమె హలో హలో అంటూనే ఉంది. చివరికి నేనే అందుకుని, సిగ్నల్ సరిగా లేదమ్మా అని అబద్ధం చెప్పి పెట్టేశాను.

మామ శవంతోపాటే ఆ అట్టపెట్టె కూడా ఊరికి పోయింది. ఇబ్రిలో కట్టిన ముడి కట్టినట్టే ఉంది. ఆ టికెట్ ఖర్చు కంపెనీయే పెట్టుకుంది.

కొన్నాళ్ళకు మళ్ళీ మ్యాచ్‌లు మొదలయ్యాయి. కొత్తగా చేరిన రాహిల్ అనే కరీంనగర్ అతను ఫోన్ పట్టుకుని భూమేశ్ మంచం దగ్గరికి వచ్చాడు.

"అన్నా, నువ్వు మస్తు జెప్తవంట గద. ఆఖరి ప్లేస్‌ల ఓపెనర్నా, కీపర్నా?"

భూమేశ్ ఫోన్ తీసుకుని ఆ ఇద్దరి ఫొటోలూ చాలాసేపు చూశాడు.

"ఆయన్ను అడిగినవా?" అన్నాడు.

"ఎవల్ని?"

"ఆడేటాయన్ను."

రూమంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. భూమేశ్ ఫోన్ తిరిగిచ్చేసి వంటింట్లోకి వచ్చి, తన వంతు కాకపోయినా గిన్నెల ముందు కూర్చున్నాడు. అప్పటినుంచీ రోజూ వాడే తోముతున్నాడు. నేను వద్దనడం మానేశాను.